నేల కిందికి జారిన హీరో: ఒక రెట్రో ప్లాట్‌ఫార్మర్‌లో గ్లిచ్‌లూ చీట్లూ సరిచేసిన కేస్ స్టడీ

నేపథ్యం

విశాఖలో రుషికొండ వైపు ఒక అద్దె ఇంటి మేడ మీద నడిచే చిన్న స్టూడియో ఇది. స్టూడియో పేరూ గేమ్ పేరూ రాయను. లెవెళ్ళ వర్ణన కొంత మార్చాను, అంకెల్ని లెక్కకు వీలుగా సర్దాను. బగ్గుల స్వభావం మాత్రం ఉన్నది ఉన్నట్టే. స్టూడియోలో ముగ్గురే మనుషులు. సంస్థ నడుపుతూ డిజైన్ కూడా చూసుకునే మేడం, ప్రోగ్రామర్ కుర్రాడు, బొమ్మలూ సంగీతమూ రెండూ తన మీదే వేసుకున్న ఇంకొకాయన.

గేమ్ పాతకాలపు టీవీ గేమ్ పద్ధతిలో ఉంటుంది. 16 పిక్సెళ్ళ గళ్ళు, కొద్దిపాటి రంగులు, పరిగెత్తడం, దూకడం. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో క్యాసెట్ తీసి, ఊది, మళ్ళీ పెట్టి ఆడిన మారియో, కాంట్రా బాపతు. లెవెళ్ళు మాత్రం మన ఊరివి. ఫిషింగ్ హార్బర్లో ఐసు దిమ్మల మీద జారాలి, క్రేను కొక్కేనికి వేలాడాలి, సరుకు ఎత్తే లిఫ్టు మీంచి పడవ మీదికి దూకాలి. పీసీలోనూ ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ వచ్చింది. ప్రతి లెవెల్‌కీ ఒక ఆన్‌లైన్ లీడర్‌బోర్డ్, అంటే ఎవరు ఎంత టైములో ముగించారో చూపే పట్టిక, ఉంది.

కొన్నాళ్ళపాటు ఆ లీడర్‌బోర్డ్‌ను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒక కాలేజీ ఫెస్ట్‌వాళ్ళు దాని ఆధారంగా నగదు బహుమతి ప్రకటించాక గొడవ మొదలైంది. ఇతరుల గేముల్లో బగ్గులు వెతికి సరిచేయడం నా వృత్తి కాబట్టి నన్ను పిలిచారు.

వచ్చిన సమస్య

హార్బర్ లెవెల్ పూర్తి చేయడానికి బాగా ఆడేవాళ్ళకి 50 సెకన్లు పడుతుంది. గొడవ మొదలైనప్పుడు లీడర్‌బోర్డ్ పైవరసలో సున్నా సెకన్లు అని ఉండేది. దాని కింద 9, ఆ కింద 41, ఆ తర్వాత నుంచి మామూలు టైములు. వీటికి తోడు రకరకాల ఫిర్యాదులు. హీరో నేల కిందికి పోతున్నాడు. ఒకచోట నాణేలు ఎంతసేపు ఏరుకున్నా అయిపోవు, లైఫులు పెరుగుతూనే ఉంటాయి. ఫోన్‌లో తేదీ మారిస్తే రేపటి బహుమతి ఈరోజే వస్తుంది. ఒకాయన సేవ్ ఫైల్ అయితే గోడ లోపల ఇరుక్కుపోయింది. గేమ్ తెరిచిన ప్రతిసారీ హీరో గోడలోనే పుడతాడు, అక్కడే చస్తాడు.

మేడం మొదటిరోజే తేల్చి చెప్పారు: "అన్నీ మూసేయండి సార్. ఒక్క కన్నం మిగలకూడదు. ఈ పైనున్న ముగ్గుర్నీ బ్యాన్ చేసేద్దాం."

బ్యాన్ మాత్రం కొన్నాళ్ళు ఆపమన్నాను. ఆ మూడు అంకెలూ మూడు వేర్వేరు సంగతులు చెబుతున్నాయి. సున్నా సెకన్లలో ముగించడం గేమ్ లోపల కుదిరే పని కాదు. లెవెల్ మొదలై హీరో నేల మీద నిలబడటానికే కొంత టైము పడుతుంది. కాబట్టి ఎవరో గేమ్ ఆడకుండానే సర్వర్‌కి ఒక అంకె పంపారు. 9 సెకన్లు గేమ్ లోపలే సాధ్యం కావచ్చు, నేల కింద ఉన్న ఖాళీలోంచి చివరికి చేరితే. ఇక 41 సెకన్లవాళ్ళు అసలు తప్పే చేయకుండా నైపుణ్యంతో ఏదో దారి కనిపెట్టి ఉండొచ్చు. ముగ్గురికీ ఒకటే శిక్ష వేస్తే బాగా ఆడేవాడు పోతాడు, మోసగాడు మాత్రం ఇంకో ఖాతా తెరుచుకుంటాడు.

నేను రాకముందు చేసినవి

ప్రోగ్రామర్ కుర్రాడు ఖాళీగా కూర్చోలేదు. గోడల వెనక కనిపించని గోడలు కట్టాడు. గోడలో దూరిన హీరోని వెంటనే చంపేసే చెక్ పెట్టాడు. దాంతో లిఫ్టు పక్కన నిజాయితీగా నిలబడ్డవాళ్ళు కూడా చచ్చిపోవడం మొదలైంది, ఎందుకంటే లిఫ్టు కదిలేటప్పుడు ఒక్క ఫ్రేమ్ (తెర మీద గీసే ఒక్క బొమ్మ) పాటు హీరో దాని లోపలికి వెళ్ళడం ఆ కోడ్‌లో మామూలే.

సేవ్ ఫైల్‌ను ఎన్‌క్రిప్ట్ చేశాడు, తాళంచెవి గేమ్ లోపలే ఉంది. మెమరీలో స్కోరును ఒక రహస్య అంకెతో కలిపి దాచాడు. మెమరీలోని అంకెల్ని వెతికి మార్చే చీట్ ఇంజిన్ లాంటి టూల్‌తో వెతికేవాడికి ఇది పెద్ద అడ్డేం కాదు. స్కోరు 350 అని కనిపిస్తే వాడు 350 కోసమే వెతకాలని లేదు. 'ఇప్పుడు మారినవి చూపించు, ఇప్పుడు మారనివి చూపించు' అంటూ జల్లెడ పడుతూ పోతే దాచిన అంకె అయినా దొరుకుతుంది.

చివరగా 35 సెకన్ల కంటే తక్కువ టైము వస్తే సర్వర్ తీసుకోకూడదని పెట్టాడు. ఆ సంగతి బయటపడ్డాక మోసగాళ్ళు 35.2, 35.4 పంపడం మొదలుపెట్టారు. పాత సున్నా, 9 మాత్రం పట్టికలో అలాగే ఉండిపోయాయి. ఇలాంటి హద్దు పెట్టడం నాకు మొదట్నుంచీ ఇష్టం ఉండదు. ఎంత వేగంగా ఆడగలరో ఆటగాళ్ళ కంటే ముందే మనం తేల్చేస్తున్నట్టు అవుతుంది. రేపు ఎవరైనా నిజంగా 34లో ముగిస్తే వాళ్ళకేం చెబుతాం?

దగ్గరుండి చూడటం

నేల కిందికి పోయే బగ్ ప్రోగ్రామర్ దగ్గర రావడం లేదు. "మా సిస్టమ్‌లో ఎంత ఆడినా రావట్లేదండీ" అన్నాడు. అందుకని 9 సెకన్ల కుర్రాడికే కబురు పెట్టాం. డిప్లొమా చదువుతున్నాడు, గాజువాక వైపు నుంచి బస్సు మారి వచ్చాడు. తిడతారేమోనని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. సున్నా సెకన్ల సంగతి అడిగితే, "అది నేను కాదన్నా, ఎవడో ఆడకుండానే పంపేశాడు. నాది ఆడిందే, చూడండి" అని ఫోన్ తీశాడు.

ఆట మొదలుపెట్టే ముందు వాడు చేసిన పని ప్రోగ్రామర్ కళ్ళలో పడలేదు. బ్యాటరీ సేవర్ ఆన్ చేశాడు. తర్వాత క్రేను మీదికెక్కి, సన్నటి చెక్క వంతెన మీదికి దూకాడు. దిగాడు, ఏం కాలేదు. మళ్ళీ ఎక్కి దూకాడు. నాలుగైదుసార్లకి హీరో వంతెనలోంచి కిందికి జారి, నేల కింది ఖాళీలో పరిగెత్తుకుంటూ లెవెల్ చివర బయటికొచ్చాడు.

"బ్యాటరీ సేవర్ ఎందుకు పెట్టావు?" అని అడిగాను.

"ఏటో తెలీదన్నా, అది పెడితేనే అవుద్ది."

బగ్ మొత్తం ఆ మాటలోనే ఉంది. ఆ ఫోన్ బ్యాటరీ సేవర్‌లో గేమ్‌ను సెకనుకి 30 ఫ్రేములకి దించేస్తోంది. ప్రోగ్రామర్ మానిటర్ 144 ఫ్రేములది. కోడ్ ఏమో ప్రతి ఫ్రేమ్‌లోనూ, గడిచిన టైముని బట్టి హీరోని జరుపుతోంది.

లెక్క ఇలా ఉంటుంది. హీరో గరిష్ఠంగా సెకనుకి 600 పిక్సెళ్ళ వేగంతో పడతాడు. 60 ఫ్రేములయితే ఒక్కో ఫ్రేమ్‌కి 10 పిక్సెళ్ళు, 30 అయితే 20. వంతెన మందం 8 పిక్సెళ్ళు, హీరో ఎత్తు 24. హీరో వంతెనలోకి చొచ్చుకొస్తే కోడ్ వాణ్ణి పైకో కిందికో, ఏది దగ్గరైతే అటు తోసేస్తుంది. 60 ఫ్రేముల్లో పాదాలు ఎంత లోపలికి పోయినా 10 పిక్సెళ్ళే. పైకి తోయాలంటే 10, కిందికి తోయాలంటే 22, కాబట్టి పైకే తోస్తుంది. 30 ఫ్రేముల్లో పాదాలు 20 పిక్సెళ్ళ దాకా లోపలికి పోవచ్చు. అప్పుడు పైకి 20, కిందికి 12. కోడ్ తన నియమం ప్రకారమే కిందికి తోస్తుంది. లెక్క వేస్తే పాదాలు 16 పిక్సెళ్ళు దాటి లోపలికి పోయినప్పుడే ఇలా జరుగుతుంది, అంటే ఇంచుమించు అయిదు దూకుళ్ళలో ఒకటి. కుర్రాడు నాలుగైదుసార్లు ఎందుకు ప్రయత్నించాల్సి వచ్చిందో దీంతో అర్థమైంది.

ఇది కొత్త రోగం కాదు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో 1-2 లెవెల్ చివర గోడలోంచి దూరి 'మైనస్ వరల్డ్'కి పోయే ప్రసిద్ధ గ్లిచ్‌కి కూడా మూలం ఇదే బాపతు. గోడలో ఇరుక్కున్న మారియోని కోడ్ తప్పు పక్కకి తోస్తుంది. అటువైపున్న గొట్టానికి వార్ప్ జోన్ (నేరుగా వేరే ప్రపంచాలకి పంపే చోటు) వివరాలు ఇంకా సరిగ్గా లోడ్ కాకముందే దూరితే 36 నంబరు ప్రపంచానికి పోతాడు. ఆ నంబరు చోట గేమ్ చూపే 36వ బొమ్మ ఖాళీ గడి కాబట్టి తెర మీద '-1' అని కనిపిస్తుంది. కాకపోతే ఆ రోజుల్లో ఒకే టీవీ పద్ధతి ఉన్న దేశంలో అందరి మెషీనూ ఒకే వేగంతో నడిచేది, ఒక ఫ్రేమ్ అంటే అందరికీ ఒకటే. రూపం పాతది తెచ్చుకుని 30 నుంచి 144 ఫ్రేముల దాకా రకరకాల ఫోన్ల మీద నడిపితే ఆ భరోసా పోతుంది.

మొదటి మందు, దాని దుష్ఫలితం

భౌతిక లెక్కలన్నీ సెకనుకి 60 సమాన అడుగులుగా విడదీశాం. తెర ఎన్ని ఫ్రేములు గీసినా లోపల గేమ్ నడిచేది 60 అడుగులే. హీరోని ఒకేసారి 10 పిక్సెళ్ళు జరపకుండా ఒక్కో పిక్సెల్ చొప్పున జరుపుతూ, అడ్డు తగలగానే ఆపేలా రాశాం. దాంతో 'ఏ పక్కకి తోయాలి' అనే ప్రశ్నే చాలాచోట్ల లేకుండా పోయింది. రెడీమేడ్ గేమ్ ఇంజిన్లయిన గొడోట్‌లో సెకనుకి 60, యూనిటీలో 50 అడుగుల చొప్పున ఈ ఏర్పాటు ముందే ఉంటుంది. వీళ్ళు గేమ్‌ని నడిపే లూప్ సొంతంగా రాసుకోవడంతో అది లేకపోయింది.

నేల కిందికి పోవడం ఆగింది. కానీ రెండు కొత్త ఫిర్యాదులొచ్చాయి.

మొదటిది మేడం నుంచే. ఐసు గోదాములో 48 పిక్సెళ్ళ ఎత్తున్న గట్టు మీద ఆవిడ ఒక రహస్య గది పెట్టారు. ఇప్పుడు దాని మీదికి ఎవరూ ఎక్కలేకపోతున్నారు. దూకే వేగం 300, గురుత్వం 900. కాగితం మీద దూకుడు ఎత్తు సరిగ్గా 50 పిక్సెళ్ళు. కానీ అడుగులు అడుగులుగా లెక్కిస్తే ఒక్కో అడుగు పొడవుని బట్టి ఎత్తు తగ్గుతుంది. 144లో 49, 60లో 47.5, 30లో 45. గట్టు ఎత్తు 48. ప్రోగ్రామర్ మానిటర్ మీద ఆడి చూసుకున్న మేడంకి ఎప్పుడూ అందింది, 60 ఫ్రేముల ఫోన్ ఉన్నవాడికి మొదట్నుంచీ అందలేదు! "ఆ గది దొరకట్లేదు" అని వచ్చిన పాత ఫిర్యాదుల్ని వాళ్ళు ఆడటం రాక అంటున్నారని పక్కన పెట్టేశారట. దూకే వేగం కాస్త పెంచాం, గట్టు అంచుకి పాదం రెండు పిక్సెళ్ళు తక్కువైనా పైకి లాగేలా చేశాం. 2018లో వచ్చిన సెలెస్ట్ అనే గేమ్ ఇలాంటి చిన్న చిన్న మన్నింపులకి పేరు పొందింది.

రెండోది 41 సెకన్ల ఆటగాళ్ళ నుంచి. లిఫ్టు పైకి వెళ్తుండగా సరైన క్షణంలో దూకితే దాని వేగం హీరోకి రెండుసార్లు కలిసేది. ఒకసారి లిఫ్టు మోసినందుకు, ఇంకోసారి దూకినందుకు. మేము లిఫ్టునీ హీరోనీ కదిలించే వరస మార్చడంతో అది ఒకసారికి దిగింది. రోజుల తరబడి సాధన చేసినవాళ్ళకి కోపం రాదా మరి.

ఏది మూయాలి, ఏది ఉంచాలి

ఇక్కడే మేడంకీ నాకూ ఎక్కువ వాదన జరిగింది. "నేను పెట్టని దూకుడు అది. తప్పు తప్పే కదా సార్" అంటారావిడ. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2లో వరస దెబ్బల కాంబోలు కూడా ముందు అనుకుని పెట్టినవి కావు, తయారీలో కనిపిస్తే వదిలేశారు, తర్వాత ఆ తరహా ఆటలన్నిటికీ అదే ప్రాణమైంది అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు గానీ ఆలోచించారు.

నేను చూసేది ముఖ్యంగా ఒకటే: దాని వల్ల ఎవరికి నష్టం? నేల కిందికి జారడం నెమ్మది ఫోన్ ఉన్నవాడికే అందుతుంది, మంచి ఫోన్ ఉన్నవాడు ఎంత సాధన చేసినా రాదు. అది పోటీని చెడగొడుతుంది కాబట్టి మూయాలి. లిఫ్టు దూకుడు ఏ ఫోన్‌లోనైనా వస్తుంది, చేత్తో నేర్చుకోవాల్సిన విద్య. ఉంచాలి. అనుకోకుండా వచ్చినదాన్ని ఈసారి కావాలనే రాశాం, కోడ్‌లో 'ఇది బగ్ కాదు, తీయొద్దు' అని పైన ఒక వాక్యం పెట్టాం.

గోడలో ఇరుక్కున్న సేవ్ ఫైల్ మీద వాదన లేదు. అందరికంటే ఎక్కువ నష్టపోయింది ఆయనే. హీరో నిలబడ్డ చోటుని సేవ్ చేయడం మానేసి, చివరి చెక్‌పాయింట్ నంబరు మాత్రమే సేవ్ చేసేలా మార్చాం.

అంతులేని నాణేల విషయంలో మేడం ఆశ్చర్యపోయారు, నేను మూయవద్దన్నాను. తెర దాటి వెనక్కొస్తే నాణేలు మళ్ళీ పుడుతున్నాయి, లైఫులు పెరుగుతున్నాయి. ఒంటరిగా ఆడుకునే పిల్లాడు పది నిమిషాలు విసుగు పడి యాభై లైఫులు సంపాదిస్తే ఎవరి సొమ్ము పోయింది? కాకపోతే లైఫుల్ని ఒక్క బైట్‌లో దాచారు, 255 దాటితే సున్నా అయిపోయి గేమ్ ఓవర్. పాత మారియోలోనూ ఇలాంటిదే ఉంది, 127 దాటాక చస్తే నేరుగా గేమ్ ఓవర్. 99 దగ్గర ఆపేశాం. తేదీ మార్చి తీసుకునే బహుమతి కూడా వదిలేశాం. దాంతో కొనేవి టోపీలూ లుంగీలూ మాత్రమే, లీడర్‌బోర్డ్‌తో సంబంధం లేదు.

లీడర్‌బోర్డ్

సున్నా సెకన్లవాడి సంగతి వేరే. గేమ్ లోపల ఎన్ని తాళాలు వేసినా, గేమ్ ఉన్నది వాడి ఫోన్‌లో. కాబట్టి 'నా టైము ఇంత' అని ఫోన్ చెప్పే మాటని నమ్మడమే మానేయాలని నిర్ణయించాం. టైము బదులు ఏ అడుగులో ఏ బటన్ నొక్కారో పంపమన్నాం. సర్వర్ ఆ బటన్లతో అదే లెవెల్‌ని తెర లేకుండా మళ్ళీ ఆడి, టైము తనే లెక్కేసుకుంటుంది. 50 సెకన్ల ఆట అంటే 3,000 అడుగులు, అడుగుకి ఒక బైట్. బటన్ మారినప్పుడే రాసుకుంటే అంతకంటే చాలా తక్కువ. ఖర్చు గురించి మేడం భయపడ్డారు గానీ, బొమ్మలు గీయనక్కర్లేనప్పుడు అంత ఆట సర్వర్‌కి కళ్ళు మూసి తెరిచేంత పని.

చెప్పడానికి తేలిక. మొదట్లో నిజాయితీ ఆటలే తిరస్కరణకు గురయ్యాయి. ఫోన్‌లో గెలిచిన హీరో సర్వర్‌లో నీళ్ళలో పడి చస్తున్నాడు. ఎక్కడ దారి తప్పుతోందో పట్టుకోవడానికి ప్రతి 60 అడుగులకీ గేమ్ మొత్తం స్థితికి ఒక చెక్ నంబరు తీసి రెండు పక్కలా పోల్చాం. మొదటి తేడా దొరికిన సెకనులోకి వెళ్ళి అడుగు అడుగూ చూశాం. దోషులు ఇద్దరు తేలారు. ఒకటి, లెవెల్లోని కొంగల్ని కదిలించే వరస. కోడ్‌లో వాటిని ఉంచిన డిక్షనరీ అనే జాబితాలో ఏది ముందొస్తుందో ప్రతిసారీ ఒకేలా లేదు. రెండు, క్రేను ఊగడానికి వాడిన సైన్ ఫంక్షన్. పీసీలోనూ ఫోన్‌లోనూ చివరి దశాంశాల్లో తేడా వస్తోంది. కొక్కెం ఒక పిక్సెల్ పక్కకి జరిగితే చాలు, హీరో చెయ్యి జారుతుంది. కొంగలకి వరస నంబర్లిచ్చాం, సైన్ విలువల్ని ముందే లెక్కేసి పట్టికగా పెట్టాం, స్థానాలన్నీ పిక్సెల్‌లో 256వ వంతుల పూర్ణాంకాలుగా మార్చాం. పాత టీవీ గేముల చిప్పుల్లో దశాంశాలు లెక్కించే ఏర్పాటే లేదు, వాళ్ళు గత్యంతరం లేక పూర్ణాంకాలతో నెట్టుకొచ్చారు.

దీంతో సున్నాలూ 35.2లూ ఒక్కసారిగా పోయాయి. మెమరీలో టైము మార్చుకున్నా ఉపయోగం లేదు, సర్వర్ ఆ అంకెని అడగనే అడగదు. పాత పట్టికను చెరపకుండా 'పాత వెర్షన్' అని పేరు పెట్టి విడిగా ఉంచాం. 9 సెకన్ల కుర్రాడి పేరు అందులో అలాగే ఉంది, వాణ్ణి బ్యాన్ చేయలేదు. సరిచేసిన ప్రతి బగ్‌కీ ఆ బగ్ వచ్చిన ఆటనే రీప్లేగా దాచి, కొత్త బిల్డ్ తయారైన ప్రతిసారీ అన్నిటినీ నడిపిస్తున్నారు. వాటిలో చాలావరకు వాడు ఆడి ఇచ్చినవే. ఏ గేమ్ పనికి పిలిచినా ఇప్పుడు నేను ముందు అడిగేది బగ్ ఎలా వచ్చిందని కాదు, ఏ ఫోన్, ఎన్ని ఫ్రేములు, బ్యాటరీ ఎంత ఉందని. వెంటనే 30, 60, 144 మూడింట్లోనూ నడిపి చూస్తాను.

మూతపడనివి

గేమ్‌ని నెమ్మదిగా నడిపే టూల్స్ ఉన్నాయి. గేమ్ చూసుకునే గడియారాన్నే అవి నెమ్మది చేస్తాయి. సగం వేగంతో తీరిగ్గా ఆడితే బటన్ల వరస మాత్రం సక్రమంగానే ఉంటుంది, సర్వర్ దాన్ని ఒప్పుకుంటుంది. అందుకని లెవెల్ మొదలయ్యేటప్పుడు సర్వర్ ఒక టోకెన్, అంటే ఎప్పుడు మొదలైందో చెప్పే గుర్తు, ఇస్తుంది. 50 సెకన్ల ఆట టోకెన్ ఇచ్చిన 100 సెకన్లకి వస్తే ఏదో తేడా ఉన్నట్టు. కానీ మధ్యలో పాజ్ చేసినవాళ్ళూ సిగ్నల్ పోయినవాళ్ళూ కూడా అలాగే ఆలస్యంగా పంపుతారు. పాజ్ చేస్తే ఆ ఆట ర్యాంకులోకి రాదని ముందే తెర మీద చెప్పేస్తున్నాం. సిగ్నల్ పోయి ఆలస్యమైన ఆటని తిరస్కరించకుండా 'పరిశీలనలో' అని ఆడినవాళ్ళకి మాత్రమే చూపిస్తున్నాం.

ఆలస్యం ఎంత వరకు మన్నించాలన్నది ఇప్పటికీ తెగలేదు. ప్రోగ్రామర్ మూడు సెకన్లు చాలంటాడు, నేను పది ఉండాలంటాను. మూడు పెడితే నెట్ సరిగ్గా లేని ఊళ్ళవాళ్ళు నష్టపోతారు. పది పెడితే ఒక్క కష్టమైన దూకుడు దగ్గర మాత్రం గేమ్‌ని నెమ్మది చేసుకునే తెలివైనవాడికి చోటు దొరుకుతుంది. ఇక కంప్యూటర్ చేతే బటన్లు నొక్కించేవాణ్ణి ఈ ఏర్పాటు అసలు పట్టుకోలేదు. ఫెస్ట్‌వాళ్ళకి ఈ మాటే చెప్పాం. ఆన్‌లైన్ పట్టికతో చివరి పోటీకి మనుషుల్ని ఎంచుకోమన్నాం, నగదు బహుమతి మాత్రం హాల్లో, వాళ్ళిచ్చిన ఫోన్ల మీద అందరి ముందూ ఆడించి ఇమ్మన్నాం. వాళ్ళు ఒప్పుకున్నారు, ఫోన్లన్నీ ఒకే మోడల్ ఉండాలనీ బ్యాటరీ సేవర్ ఆఫ్ చేసి ఉంచాలనీ నియమాల్లో రాసుకున్నారు.